ఆయుధపూజ నాడు ఆగిన ల్యాప్‌టాప్

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. అందువల్ల ఆ దసరాకు కొడకండ్లలోని మా వాకిట్లో ట్రాక్టర్, పారలు, కొడవళ్ల సరసన నా ల్యాప్‌టాప్‌కు కూడా గౌరవస్థానం లభించింది. మూతకు పసుపు పూసి, బొట్టు పెట్టి, కీబోర్డు మీద బంతిపూలు ఉంచారు.

చిక్కు ఏమిటంటే, పూజకు ముందే నేను దానికొక పని అప్పగించాను. ఇంటినుంచి చేసే ఉద్యోగం వచ్చింది; మరునాడే చేరాలి. నా ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు సంస్థ వద్ద నమోదై ఉంది. ఆ నంబరున్న యంత్రాన్ని తప్ప లోపలికి రానివ్వరు. చేరేలోగా బయాస్‌ను, అనగా యంత్రం లేవగానే మొదట నడిచే ప్రోగ్రామును, కొత్తది చేసుకోమన్నారు. ఆ మార్పిడి మొదలుపెట్టి స్నానానికి వెళ్లాను.

ఆయుధపూజ నాడు పనిముట్టు పని చేయరాదు. లైటు వెలుగుతున్న ల్యాప్‌టాప్‌ను మా నాయిన చూశాడు. వైరు పీకాడు, అయినా ఆగలేదు. ఆగకపోతే బటన్ నొక్కిపట్టాలని ఆయనకు నేర్పిన విదుషీమణిని నేనే.

"పండుగ పూట గూడ దానికి రికాం ఇయ్యవా బిడ్డా? ట్రాక్టర్‌కే ఇచ్చిన" అన్నాడు, లైటు ఆరిన యంత్రాన్ని నాకు అప్పగిస్తూ.

మార్పిడి సగంలో ఆగడంతో తర్వాత అది వెలగలేదు. నాయిన బండి మీద జనగామ వెళ్లాము. పండుగ నాడు తెరిచి ఉన్న మరమ్మతు దుకాణం ఒక్కటే కనిపించింది. దాని యజమాని, నడివయసు ముస్లిం, మూత చూసి నవ్వాడు.

"ఏం చెల్లె, దీనికి పెండ్లి చేసిండ్రా?"

జరిగింది చెప్పాను. ఆయన బయాస్ ఉన్న చిప్పుకు క్లిప్పు తగిలించి, అందులోని పాత సమాచారాన్ని తన కంప్యూటర్‌లో దాచాడు. అదే మోడల్‌కు చెందిన మరో యంత్రపు ఫైలును ఎక్కించగానే తెర వెలిగింది. సీరియల్ నంబరు మాత్రం నాది కాదు. ఆ ఫైలు ఎవరిదో, నంబరూ వాళ్లదే.

"నంబరు మారితే ఏంది? మిషిని గదే గద" అన్నాడు నాయిన.

"నీ పొలం పట్టా పక్కింటాయన పేరు మీద వడితే గూడ గిట్లనే అంటవా, కాకా? పొలం గదే గద."

నాయిన వెంటనే కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. నా డిగ్రీ మొత్తం ఖర్చు చేసినా ఆయనకు ఇంత త్వరగా అర్థం చేయించలేకపోయేదాన్ని.

"నా నంబరు మళ్లీ వస్తుందా, అన్నా?"

"పాతదాంట్ల నంబరున్న జాగ చెడకుంటె వస్తది. జర ఆగు."

దాచిన సమాచారాన్ని ఆయన తన తెర మీద కిందికి జరుపుతూ పోయాడు. ప్రోగ్రాము సగంలో తెగిపోయి ఉంది. నంబరు, మోడల్ పేరు ఉన్న భాగం చెక్కుచెదరలేదు. దాన్ని కొత్త ఫైలులో కలిపి మళ్లీ ఎక్కించాడు. తెర మీది నంబరును సంస్థకు పంపేటప్పుడు ఫోన్‌లో రాసుకున్న దానితో అంకె అంకెగా సరిపోల్చి గాని నేను లేవలేదు.

"బ్యాంకుల నౌకరా చెల్లె నీది?" అన్నాడాయన.

మరునాడు ఉదయం సంస్థ పేజీ తెరిచాను. నాయిన చేతులు వెనక్కి కట్టుకొని గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"లోపటికి రానిచ్చిండ్రా?"

"రానిచ్చిండ్రు, నాయినా."

"మంచిది. నేనైతె గీడనే ఉన్న, మీ అవ్వ సాక్షి. ఇగ చెడిపోతే నా పేరు చెప్పకు."