ఆనపబుర్రలో మిగిలిన సామలు

మా హాల్లో టీవీ పక్కన గోడకి రెండేళ్ళకు పైగా ఒక ఎండిన ఆనపకాయ బుర్ర వేలాడింది. మెడకి అడ్డతీగ నారతో పేనిన తాడు, నోటికి గుడ్డ ముక్క. అరకు వెళ్ళినప్పుడు ఒక ఇంట్లో ముచ్చటపడి అడిగి తెచ్చుకున్నాను. వచ్చిన వాళ్ళందరూ "ఎక్కడ కొన్నారు?" అని అడిగేవారు. మెరుపు బాగుంటుందని పైన వార్నిష్ కూడా వేయించాను. ఈ ఉగాదికి ఇల్లు దులుపుతూ దాన్ని కిందికి దించితే లోపల ఏదో గలగలమంది. గుడ్డ తీసి కాగితం మీద బోర్లించి తట్టాను. ఇన్నాళ్ళూ అడుగున బూడిదతో అంటుకుని ఉన్నాయేమో, సన్నటి, ఎర్రటి సామలు రాలాయి. గుప్పెడు కూడా లేవు.

నాకు సరదా వేసింది. నేను విశాఖలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను, ఆదివారాలు సైన్స్ వ్యాసాలు రాస్తాను. ఇలాంటివి దొరికితే ఊరుకోలేను. బుర్ర ఇచ్చిన చిలకమ్మ మనవరాలు రాజేశ్వరికి వెంటనే ఫోన్ చేసి, "మీ సామలు మా ఇంట్లో కాపురముంటున్నాయమ్మా" అన్నాను. ఆ అమ్మాయి అరకులో డిగ్రీ చదువుతోంది, ప్రతి జనవరి ఒకటిన నాకు శుభాకాంక్షలు పంపుతుంది. నా మాటకి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మెల్లగా, "ఎన్ని ఉన్నాయి మేడమ్? పారేయకండి" అంది.

అప్పుడు చెప్పింది. అప్పుడు నేను ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బాల్లో దాచిన విత్తనం మొత్తం పాడైపోయిందట. రెండేళ్ళుగా వాళ్ళింట్లో ఆ సామ లేదట. వాళ్ళింట్లోనే కాదు, ఊళ్ళోనే లేదు. మిగతా వాళ్ళు కాఫీ, వరి, మిరియాలు పట్టుకుని చాలాకాలం అయింది. ఆ సామ వేసేది ఒక్క చిలకమ్మే. "ఇన్నాళ్ళు నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను. "మీరు బాధపడతారని నానమ్మ చెప్పొద్దంది."

ఆ మొదటి ప్రయాణం గురించి చెప్పకపోతే ఈ ప్రయాణం మీకు అర్థం కాదు. అది డిసెంబర్. అందరిలాగే మంచు చూడ్డానికి వెళ్ళాను. డుంబ్రిగుడ దాటాక ఒక ఊళ్ళో చిలకమ్మ ఇంట్లో మధ్యాహ్నం సామ అన్నం పెట్టింది. పొయ్యి మీద వాసానికి ఈ బుర్ర కట్టి ఉంది. కొత్తగా నూర్చిన సామల్లోంచి మేలైన విత్తనం ఏరి, బూడిద కలిపి అందులో పోసింది. చైత్రం దాకా రోజూ వంట పొగ తగులుతుంది. నేను ఊరుకోవచ్చు కదా. "పొగలో విత్తనం ఏం బతుకుతుంది? ప్రపంచంలో పెద్ద పెద్ద విత్తన నిధుల్లో గాలి చొరని డబ్బాల్లో దాస్తారు" అని చిన్న ఉపన్యాసం ఇచ్చాను. కారులో గట్టి మూతల ప్లాస్టిక్ డబ్బాలు రెండు ఉన్నాయి, చెగోడీలవి. ఖాళీ చేసి ఇచ్చేశాను. ఆమె సామల్ని వాటిలోకి వంచుతూ మధ్యలో ఆగి, "కొంచెం బుర్రలో ఉంచీమంటారా?" అని అడిగింది. "అక్కర్లేదమ్మా, పూర్తిగా ఇందులో పోసేయండి" అన్నాను. పైగా ఖాళీ అయిన బుర్ర నాకిమ్మన్నాను. ఇలాంటి తెలివి మా కాలేజీలో ఇంకెవరికీ లేదు.

విత్తనం ఊపిరి తీసుకుంటుంది. బయటికి రాయిలా కనిపించినా లోపల మెల్లగా బతుకుతూ ఉంటుంది. అందులో తేమ ఎక్కువైతే ఆ ఊపిరి వేగం పెరుగుతుంది, వేడి పుడుతుంది, బూజు పడుతుంది, లోపలి ప్రాణం అయిపోతుంది. విత్తన నిధుల్లో డబ్బా మూత పెట్టేముందు వారాల తరబడి ఆరబెట్టి, తేమ కొలిచి, అప్పుడు మూసేస్తారు. అరకు డిసెంబర్ మంచులో నూర్చిన సామల్ని ఆరబెట్టే పని చిలకమ్మ ఇంట్లో పొయ్యి చేస్తోంది. సన్నటి వేడి, పొగ, గాలి ఆడే బుర్ర. పురుగు రాకుండా బూడిద. నేను ఆ పనిని ఆపించి, తడి గింజల మీద బిగువుగా మూత పెట్టించాను. ఇదంతా నాకు పరీక్ష పేపర్లు దిద్దేంత బాగా తెలుసు. ఆ రోజు మాత్రం గుర్తు రాలేదు.

అందుకే చైత్రంలో వాళ్ళ విత్తనాల పండగ, ఇటుకల పండగకి రెండు రోజుల ముందు మళ్ళీ బయలుదేరాను. ఈసారి చూడ్డానికి కాదు, ఇచ్చేసి రావడానికి. విశాఖలో కిరండూల్ పాసింజర్ ఉదయం ఏడు లోపే కదులుతుంది. జనరల్ టికెట్‌కి రెండు టీలు, ఒక ప్లేటు ఇడ్లీ డబ్బు చాలు. అద్దాల పెట్టెకి ముందే రిజర్వేషన్ కావాలి, టికెట్ ధర కూడా చాలా రెట్లు ఎక్కువ. కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే లోయలు బాగా కనిపిస్తాయి. శృంగవరపుకోట దాటాక సొరంగాలు మొదలవుతాయి, ప్రతి సొరంగానికీ పెట్టెలో పిల్లలు ఒక్కసారిగా కేకలేస్తారు. గింజలు మళ్ళీ పోసి గుడ్డ కట్టిన బుర్రని నేను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా ఒకావిడ తాకబోతే చెయ్యి అడ్డం పెట్టాను. పదకొండు దాటాక అరకులో దిగాను.

స్టేషన్ బయట ఒక హోటల్ బోర్డు మీద "కొండ సామల ఉప్మా" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ప్లేటు నూట ఇరవై. తిన్నాను, బాగానే ఉంది. వంటావిడ గరిటెతో బయటికి వస్తే, "ఈ సామలు ఇక్కడివేనా?" అని అడిగాను.

"ఇక్కడెక్కడున్నాయమ్మా? వైజాగ్ నుంచి పేకెట్లు తెత్తాం. తెల్లగా, ఒక్కలా ఉంటాయి కదా, టూరిస్టులకి అవే ఇష్టం."

"మరి బోర్డు మీద కొండ సామలని ఉందే?"

"కొండ మీద వండుతన్నాం కదమ్మా" అని నవ్వి లోపలికెళ్ళిపోయింది. నేనూ నవ్వాను. ప్లేట్లో మిగిలిన ఉప్మా అలాగే వదిలేసి డబ్బులిచ్చాను.

అక్కడి నుంచి ఆటో మాట్లాడుకున్నాను. రానూ పోనూ, అక్కడ రెండు గంటలు ఆగడంతో కలిపి తొమ్మిది వందలు. డ్రైవర్ నూకరాజుది సాలూరు, పెళ్ళయ్యాక ఇటొచ్చాడు. నా ఒళ్ళోకి అద్దంలోంచి రెండు మూడుసార్లు చూసి, "బుర్ర సంతలో కొన్నారేటి మేడమ్?" అన్నాడు. తిరిగి ఇచ్చేయడానికి తీసుకెళ్తున్నానని చెప్పాను.

"అందరూ ఇక్కణ్ణుంచి ఏదోటి అట్టుకెల్తారు. తెచ్చి ఇచ్చేవోలిని మిమ్మల్నే సూత్తన్నాను" అన్నాడు. పొగిడాడనే అనుకుని ఉంటాడు. నాకు మాత్రం గుచ్చుకుంది.

సామల సంగతి చెబితే అతను వేగం తగ్గించాడు. "మా అత్తోరింట్లోనూ ఏసేవోరు. బేగి కోతకొచ్చీది. మిగతా పంటలు చేతికి రానప్పుడు అదే కడుపు నింపీది. ఇప్పుడు వాన ఎప్పుడు పడతాదో, ఎప్పుడు ఆగుతాదో తెలీదు. అలాంటి గింజే ఉండాల. అదే నేదు." నేను పది వ్యాసాల్లో రాసిన మాటని ఈయన ఒక మలుపు దాటేలోపు చెప్పేశాడు.

ఊరి పేరు రాయడం లేదు. ఒకసారి నా ఉత్సాహంతో చేసింది చాలు. చిలకమ్మ అరుగు మీద కూర్చుని అడ్డాకులు కుడుతోంది. నన్ను చూసి గబగబా లేచింది. "వచ్చీసేరా అమ్మా? ఎండలో ఎందుకొచ్చేరు? ఒసే గుంటా, నీళ్ళట్రా!" అని లోపలికి కేకేసింది. రాజేశ్వరి నీళ్ళ చెంబుతో వచ్చింది. ఎలా మొదలుపెట్టాలో తెలీక బుర్ర ఆమె చేతుల్లో పెట్టేశాను.

ఆమె ముందు గింజల్ని చూడలేదు. బుర్రని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో రుద్దింది. "ఇదేటి, జారిపోతంది?"

"వార్నిష్ వేయించాను. అందంగా ఉంటుందని."

"అందానికా!" అంది. నవ్వుతుందో తిడుతుందో తెలీలేదు. కొడవలి తెచ్చి, లోపల పొయ్యి పక్కన కూర్చుని బూడిద తీసి, వార్నిష్ గీకడం మొదలుపెట్టింది. నేనూ పక్కన కూర్చుని గుడ్డతో రుద్దాను. పొయ్యి పైన వాసం మీద మసి దట్టంగా పట్టి ఉంది, మధ్యలో బుర్ర ఆనుకుని ఉండే చోట మాత్రం గుండ్రంగా వెలిసిన మచ్చ. రెండేళ్ళ పొగ కూడా దాన్ని పూర్తిగా కప్పలేదు. అది చూడకుండా ఉండటానికి తల దించుకుని రుద్దుతూనే ఉన్నాను.

క్షమించమని అడిగాను. ఆమె కొడవలి ఆపలేదు. "సదువుకున్నోరు సెప్పేరు, నాను యిన్నాను. డబ్బా మూత తీసేసరికి కుళ్ళు వాసన. అయినా సల్లేను. ఒక్కటీ రానేదు. తిండి గింజలు అప్పటికే దంచీసేం." గీకుతూనే, "పండగ రోజున పేనం మీదకొచ్చింది" అంది.

ఇటుకల పండగలో ప్రతి ఇంటి నుంచీ విత్తనం తెచ్చి దేవుడి ముందు ఆకులో పెడతారు. ఆ తర్వాతే ఎవరైనా పొలంలో గింజ వేసేది. పెద్దలు ఆ గింజల్లోంచి అందరికీ తలా నాలుగు గింజలు పంచుతారు, వాళ్ళు వాటిని తమ విత్తనంలో కలిపి చల్లేసుకుంటారు. ఎర్ర సామ ఎప్పుడూ చిలకమ్మ ఇంటి ఆకులోనే ఉండేది. ఆమె అత్తగారు, వాళ్ళ అత్తగారు పెట్టిన ఆకు అది. రెండేళ్ళుగా చెల్లెలింట్లో చోళ్ళు, అంటే రాగులు, బదులడిగి పెట్టిందట. "ఇదేటే, మీ సామేదీ అని అందరూ అడిగేరు. ఏటి సెప్పను?"

ఇంకో ఊళ్ళోనో, విత్తన నిధిలోనో దొరుకుతుందేమో వెతుకుతానని చెప్పాను. ఇదివరకే అలాంటి ఒకచోట అడిగి చూశాను కూడా. వాళ్ళు మర్యాదగా రకం పేరు అడిగారు. ఆ ప్రశ్నే చిలకమ్మని అడిగాను.

"పేరేటమ్మా? సామ. మా సామ."

ఆ పేరుతో ఏ పట్టికలో వెతకను? రెండేళ్ళ కిందట నేను ఉపన్యాసం తగ్గించి కాస్త సామలు కవర్లో వేసుకుని అలాంటి చోట ఇచ్చి ఉంటే, ఈ రోజు దానికి ఒక నంబరైనా ఉండేది. నేను బుర్ర తీసుకున్నాను.

అప్పటికీ నోరు ఊరుకోలేదు. "ఒక ఇరవై గింజలు తడిగుడ్డలో కట్టి చూద్దాం. ఎన్ని మొలుస్తాయో తెలుస్తుంది, అప్పుడు మిగతావి..." అంటున్నాను. చిలకమ్మ నా చెయ్యి పట్టుకుంది. కోపంగా కాదు.

"ఈసారి నువ్వు సెప్పకమ్మా."

అంతవరకూ మీరు అన్న మనిషి నువ్వు అంది. నాకు తగిన మాట అదే అనిపించింది. గింజలన్నీ పండగకి ఆకులో పెడతానని, తొలకరికి పెరట్లో మొత్తం తానే చల్లుతానని చెప్పింది. నేను తలూపాను. రాజేశ్వరి అన్నం పెట్టింది, రేషన్ బియ్యం అన్నం, కందిపప్పు, వెదురు కొమ్ముల కూర. చిలకమ్మ మారు వడ్డిస్తూ, "సామ లేదుగానీ తినమ్మా" అంది. 

నూకరాజు నాలుగు గంటల ప్రాంతంలో అరకు బస్టాండులో దింపాడు. ఘాట్ రోడ్డు మీదుగా విశాఖకి ఎక్స్‌ప్రెస్ బస్సు నాలుగు గంటలు పడుతుంది. కళ్ళు తిరిగే వాళ్ళు ముందు సీట్లలో కూర్చోవడం మంచిది. నేను వెనక కూర్చున్నాను. ఒళ్ళో ఏమీ లేదు. ఒకటి రెండు మలుపుల్లో అలవాటుగా చేతులు అడ్డం పెట్టి మళ్ళీ తీసేశాను.

ఆషాఢంలో రాజేశ్వరి ఫొటో పంపింది. పెరట్లో మంచమంత ఎర్రమట్టి మడి, కోళ్ళు రాకుండా చుట్టూ ముళ్ళకంప. మధ్యలో ఏమీ లేదు. "వాన బాగానే పడింది మేడమ్. మూడు వారాలు చూశాం. ఒక్కటీ రాలేదు." సముద్రపు గాలిలో, టీవీ వేడిలో, నేను ప్రతి పండక్కీ దులిపిన బుర్రలో అవి ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి. అది నాకు రైల్లోనే తెలుసు. ఆశపడ్డాను, అంతే. "నానమ్మ ఏమంటోంది?" అని రాశాను. "బుర్రని మళ్ళీ పొయ్యి మీద కట్టింది. ఖాళీదే. గింజ ఎక్కడైనా దొరికితే పెట్టడానికి చోటుండాలంటోంది."

ఆ సామ పోవడానికి కాఫీ, రేషన్ బియ్యం, దారి తప్పిన వానలు అన్నీ కారణాలని వ్యాసం రాయొచ్చు. రాస్తే అది అబద్ధం కాదు. కానీ వాటన్నింటినీ తట్టుకుని ఒక ముసలావిడ చేతిలో మిగిలిన గింజ, రెండు చెగోడీల డబ్బాలతో పోయింది. ఆ రోజు "కొంచెం బుర్రలో ఉంచీమంటారా?" అని ఆమె అడిగినప్పుడు అవునంటే సరిపోయేది. మా గోడకి మేకు ఇంకా ఉంది. తీయడం లేదు, ఏదీ తగిలించడం లేదు. కొండ ఊళ్ళకి వెళ్ళే వాళ్ళకి ఒకటే చెప్పదలిచాను. విత్తనం దాచిన బుర్ర గానీ బుట్ట గానీ నచ్చితే ఫొటో తీసుకోండి, వస్తువు అడగకండి. సలహా చెప్పకుండా ఉండలేకపోతే గుప్పెడు గింజల మీదే ప్రయత్నించమనండి, తక్కినవి వాళ్ళ పొయ్యి మీదే ఉంచమనండి.