జీపు దొరికిన రోజు చూసిన ఆటస్థలం

1978 జూన్‌లో నన్ను నగరి పంచాయతీ సమితికి ముఖ్య సేవికగా వేశారు. నేను అడిగింది మదనపల్లె, ఇచ్చింది జిల్లాకు ఈ కొస. ముఖ్య సేవిక అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతాను. అప్పటికి మండలాలు లేవు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపి ఒక సమితి, దానికి అధికారి బి.డి.ఓ. ఆయన కింద వ్యవసాయానికి ఒకరు, పశువులకు ఒకరు, సహకార సంఘాలకు ఒకరు విస్తరణాధికారులు ఉండేవారు. ఆడవాళ్ళ పనులు, పిల్లల పనులు ముఖ్య సేవికవి. మహిళా మండళ్ళు, బాలవాడీలు, పాలపొడి పంపకం, కుట్టుమిషన్లు అన్నీ నా నెత్తిన ఉండేవి. హోదాకు విస్తరణాధికారితో సమానమే. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా చోటు బీరువా వెనక.

ఆఫీసులో ఆడ అధికారిని నేనొక్కతెనే. మధ్యాహ్నం మగవాళ్ళంతా కలిసి బస్టాండు దగ్గర టీ కొట్టుకు పోయేవారు. ఆఫీసు సంగతుల్లో సగం అక్కడే తేలేవి. నేను ఫైళ్ళు పక్కకు జరిపి క్యారియరు విప్పుకునేదాన్ని. అద్దెకు దొరికిన గది మరమగ్గాల వీధిలో ఒక మిద్దె మీద. కింద ఇంటివాళ్ళు అరవం మాట్లాడేవాళ్ళు, నాకు వచ్చింది రెండు ముక్కలు. పెళ్ళి కాకుండా, ఒంటరిగా, జీపు ఎక్కి ఊళ్ళు తిరిగే ఆడమనిషిని పేరంటానికి పిలవాలా వద్దా అన్నది ఆ వీధిలో ఎవరికీ తేలినట్టు లేదు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, ఎవరూ పిలవనూ లేదు. ఆదివారం వస్తోందంటే నాకు దిగులు. తలదువ్వుకుని, తయారై, పోవడానికి చోటు లేక మళ్ళీ మంచం మీద కూర్చునేదాన్ని.

వానలు వెనకబట్టిన రోజుల్లో బి.డి.ఓ. గారు పిలిచి, జిల్లా నుంచి వచ్చిన ఉత్తర్వు చేతికిచ్చారు. టౌనుకు దగ్గరగా ఉన్న పల్లెల్లో ఒకచోట పిల్లలకు ఆటస్థలం ఏర్పాటు చేయాలి. ఇనుప ఉయ్యాలలు, జారుడుబల్ల, తూగుడుబల్ల కలిపి సమితికి ఒక సెట్టు ఇస్తారు. స్థలం సర్కారుదై ఉండాలి, చదునుగా ఉండాలి, ఎవరి ఆక్రమణలోనూ ఉండకూడదు. పిల్లలు ఇప్పటికే ఆడుకుంటున్న చోటైతే మరీ మంచిది. కర్ణం ఆ జాగా వివరం రాసివ్వాలి, పంచాయతీ తీర్మానం చేయాలి, తహసీల్దారు అభ్యంతరం లేదనాలి. మార్చి నెలాఖరులోగా సిమెంటు వేసి బిగించకపోతే సామాను ఇంకో సమితికి పోతుంది.

సర్కారు భూమిని పోరంబోకు అంటారు. వినడానికి దిక్కులేని భూమిలా ఉంటుంది గానీ, దిక్కులేని పోరంబోకును నా సర్వీసులో ఎక్కడా చూడలేదు. మొదటి ఊళ్ళో కర్ణం చూపించిన జాగా వల్లకాటికి ఆనుకుని ఉంది. "ఏం భయం ల్యాదమ్మా, పగలు ఎవురూ రారు" అని నాకు ధైర్యం చెప్పాడు. రెండో ఊళ్ళో చూపించింది చెరువు లోపలి నేల. వానొస్తే పిల్లలు ఆడుకోవడం మాని ఈదుకోవాలి. మూడో ఊళ్ళో మంచి కళ్ళం ఉంది, దాని నడిమధ్యన సర్పంచి గారి గడ్డివామి ఉంది. ఈ గడ్డి అయిపోతానే తీసేస్తానన్నాడు. ఆ వామి వాళ్ళ నాయన కాలం నుంచీ అక్కడే ఉందనీ, ఏటేటా అయిపోయేలోపు కొత్త గడ్డి పడుతుందనీ దారిలో డ్రైవరు చెప్పాడు.

జీపు గురించి కూడా చెప్పాలి. సమితికంతా అది ఒక్కటే. బి.డి.ఓ. గారి టూరు, సమితి అధ్యక్షుల వారి పనులు, మిగతా విస్తరణాధికారుల టూర్లు అయ్యాక మిగిలితే నాకు. అది మిగిలేది అమావాస్య రోజునే. అమావాస్య నాడు ప్రయాణం కట్టేవాళ్ళు మా ఆఫీసులో లేరు. నాకు ఆ పట్టింపు లేదు, ఉన్నా చెల్లదు. అందుకని బస్సు పోని ఊళ్ళు చూడవలసినప్పుడు నా టూరు ప్రోగ్రాము అమావాస్యకే వేసుకునేదాన్ని.

నాలుగో ఊరు టౌనుకు రెండు మైళ్ళలో ఉన్న ఒక చేనేత పల్లె. ఊరి పక్కన చింతచెట్ల వరసల నడుమ పొడుగాటి జాగా. ఒక ముల్లు లేదు, రాయి లేదు, ఎవరో రోజూ చిమ్మినట్టుంది. ఊరి పిల్లలంతా అక్కడే ఉన్నారు. మగపిల్లలు బిళ్ళంగోడు, గోలీలు. ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళ. ఇంతమంది పిల్లలు ఒక్కచోట అరుస్తూ ఆడుకోవడం నేను ఆ వైపు ఎక్కడా చూసి ఉండలేదు. కర్ణం వచ్చి, అది పోరంబోకే, ఎవరి పేరా లేదు అన్నాడు. ఉత్తర్వులో ఉన్నవన్నీ ఒక్కచోట దొరికాయి.

నేను చెట్టు కింద కూర్చుని వివరాలు రాసుకుంటుంటే వళ్ళెమ్మ అనే పిల్ల వచ్చి, "అక్కా, నీకు బిళ్ళాట వస్తాదా?" అని అడిగింది. పదేళ్ళుంటాయేమో. వస్తుందన్నాను. సాయంత్రం దాకా ఆడాను. ఓడిపోతే వెక్కిరించారు, గెలిస్తే దొంగాట అన్నారు. నగరికి వచ్చాక నాతో ఎవరైనా పోట్లాడటం అదే మొదలు. ఎంత సంతోషమైందో చెప్పలేను.

స్థలాన్ని కనీసం మూడుసార్లు చూసి రాయాలన్నది బి.డి.ఓ. గారి పద్ధతి. తర్వాతి రెండు నెలల్లోనూ జీపు దొరికినప్పుడు వెళ్ళాను. జాగా అట్లాగే ఖాళీగా ఉంది, పిల్లలు అట్లాగే నిండుగా ఉన్నారు. మూడోసారి ఉండబట్టలేక ఉయ్యాల సంగతి పిల్లలకు చెప్పేశాను. ముందు ఎవరు ఎక్కాలన్న దాని మీద అప్పుడే తగువులు పెట్టుకున్నారు. వళ్ళెమ్మ ఇసుకలో గీత గీసి, "ఈడ వరసగా నిలబడల్ల, తోసుకోకూడదు" అని అందరికీ చెప్పింది. తీర్మానం వచ్చింది, తహసీల్దారు కాగితం వచ్చింది, సామాను వచ్చి సమితి గోడౌనులో దిగింది.

గుంతలకు గుర్తులు పెట్టడానికి ఫిబ్రవరిలో ఓవర్సీరుతో కలిసి ఒక మామూలు రోజున వెళ్ళాను. జీపు లేదు, రోడ్డు దాకా బస్సులో పోయి పొద్దున్నే నడిచాం. జాగాలో ఒక్క పిల్ల లేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా నూలు పడుగు సాచి ఉంది. నిలువు పోగుల్ని మగ్గానికి ఎక్కించే ముందు అట్లా సాచి గంజి పెడతారు. ఇద్దరు మగవాళ్ళు చెరో పక్కన పెద్ద కుంచె పట్టుకుని, పోగులు అంటుకోకుండా దువ్వుకుంటూ నడుస్తున్నారు. అంత పొడుగు జాగా ఎందుకుందో, చీపురు పెట్టి ఎవరు చిమ్ముతున్నారో అప్పుడు తెలిసింది.

చెంగల్రాయప్ప అని ఆ ఊరి నేతగాళ్ళలో పెద్దమనిషి. ఓవర్సీరు చేతిలో టేపు చూసి దగ్గరికి వచ్చాడు. "తప్పుగా అనుకోవద్దమ్మా. ఈడ గుంతలు తవ్వితే మేము పడుగు యాడ సాపేది? వీధిలో సాపుదామంటే బండ్లు తిరగతాయి" అన్నాడు.

మరి తీర్మానం చేసేటప్పుడు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఉయ్యాల అంటే చెట్టుకు కట్టేదనుకుంటిమి. సిమెంటు దిమ్మెలని మాకేం తెలుసు? అయినా మీరు వచ్చినప్పుడంతా అమాసే గదమ్మా. అమాస నాడు మేము మగ్గంలోకి దిగం, పడుగు సాపం. పిలకాయలకూ ఆ పొద్దే తీరిక."

నేనున్న వీధిలో మరమగ్గాలకు కరెంటు ఉందా లేదా అన్నదే లెక్క, అమావాస్య లెక్క లేదు. మా ఇంట్లో సేద్యమే గానీ నేత ఎరగం. చేతిమగ్గానికి నెలకొక సెలవు ఉంటుందని నాకు ఎవరు చెప్పాలి? ఇళ్ళ వెంబడి నడిచాను. ప్రతి గడపలోనూ రాట్నం ముందు ఒక పిల్లో పిల్లవాడో కూర్చుని, మగ్గానికి కావలసిన నూలు కండెలు చుడుతున్నారు. వళ్ళెమ్మ నన్ను చూసి నవ్వింది గానీ లేవలేదు. "నాయన మగ్గంలో ఉండాడక్కా. కండె అయిపోతే అరుస్తాడు" అని చెప్పి మళ్ళీ చక్రం తిప్పింది.

గుంతల్ని పక్కకు జరపవచ్చునా అని ఓవర్సీరును కొలవమన్నాను. చెట్ల వేళ్ళు తప్పించాలంటే గుంతలు నడిమికే రావాలన్నాడు. పక్క చేను ఆసామిని కాస్త నేల ఇమ్మని అడిగాను. ఆయన నవ్వి, కాఫీ ఇప్పించి పంపాడు. ఇక మిగిలింది ఒకటే. దిమ్మెలు వద్దు, ఉయ్యాలల గొలుసులు చెంగల్రాయప్ప ఇంట్లో ఉంచి, అమావాస్య నాడు చింతకొమ్మలకు తగిలిద్దామని బి.డి.ఓ. గారికి చెప్పాను.

"సర్కారు సామాను చెట్టుకు వేలాడదీస్తే ఆడిటువాళ్ళు నన్ను వేలాడదీస్తారమ్మా" అన్నారాయన. చెడ్డమనిషి కాదు. ఉత్తర్వు మళ్ళీ చదివి, "నెలకు ఒక్కరోజు ఆడుకోవడానికి ఆటస్థలం దేనికి?" అని అడిగారు.

వాళ్ళకు ఉన్నది ఆ ఒక్కరోజేనన్నాను. ఉత్తర్వులో ఆ మాట లేదన్నారు. సంగతి నీకే బాగా తెలుసు కాబట్టి నోటు నువ్వే రాయమన్నారు.

రెండు రోజులు రాయలేకపోయాను. బిగించమని రాస్తే చేతిలో కాగితాలన్నీ ఉన్నాయి, ఎవరూ ఆపలేరు. పిల్లలకు ఉయ్యాల వస్తుంది, ఊళ్ళో పడుగుకు చోటు పోతుంది. పడుగు లేని ఊళ్ళో మగ్గం ఎట్లా ఆడుతుంది, ఆ పిల్లలు ఏం తింటారు? వద్దని రాస్తే నేను మాటిచ్చిన ఉయ్యాల పోతుంది. ఎవరితోనైనా చెప్పుకుందామంటే గదిలో నేనూ, కిరసనాయిలు స్టవ్వూ. మూడోరోజు పొద్దున ఆఫీసుకు పోయి 'స్థలం అనువుగా లేదు' అని రాసి సంతకం చేశాను. ఇంకో ఊరు చూడటానికి గడువు లేదు. సామాను లారీ ఎక్కి వేరే సమితికి పోయింది.

అమావాస్య వచ్చింది, జీపు దొరికింది, వెళ్ళాను. చెంగల్రాయప్ప చెట్టు కింద మంచం వేయించి మజ్జిగ తెప్పించాడు. "మా కూడు నిలబెట్టినారమ్మా" అని చేతులెత్తి దండం పెట్టాడు. ఇంకో ఇద్దరు పెద్దలు వచ్చి కూర్చున్నారు. ఆ మర్యాదలో లోటేమీ లేదు.

పిల్లలు చుట్టూ చేరారు. "అక్కా, ఉయ్యాల యాడ?" అన్నారు. పడుగు కోసం వద్దన్నానని చెబితే వాళ్ళ కోపం ఇంట్లోవాళ్ళ మీదికి పోతుంది. ఆ పెద్దలు అక్కడే కూర్చుని నా ముఖం చూస్తున్నారు. సర్కారు ఇవ్వలేదన్నాను.

వళ్ళెమ్మ నా వంక చూసి, "నువ్వే గదక్కా సర్కారు?" అంది.

పిల్లలు ఒక్కొక్కరే ఆటలోకి వెళ్ళిపోయారు. తొక్కుడుబిళ్ళకు నన్ను ఎవరూ పిలవలేదు. సాయంత్రం దాకా పెద్దమనుషుల మధ్య మంచం మీద కూర్చుని, మజ్జిగ తాగి, జీపు ఎక్కాను. తర్వాతి అమావాస్యకూ వెళ్ళాను. మళ్ళీ మంచం వేశారు. ఆ పైన వెళ్ళలేదు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా చాలా ఊళ్ళలో బాలవాడీలకూ, ఆటస్థలాలకూ జాగాలు చూశాను. రెండు పద్ధతులు పెట్టుకున్నాను. ఏ జాగానైనా ఒకసారి పనిరోజున, బస్సులో పోయి, పొద్దున్నే చూడాలి. స్తంభాలు పాతి సిమెంటు ఆరేదాకా ఆ ఊరి పిల్లల ముందు ఉయ్యాల మాట ఎత్తకూడదు.