తబేలా గుర్తులు రాసింది నేనే

మా బాపు హెడ్ కానిస్టేబుల్. ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టులో టేకు దొంగలను పట్టడంతోనే ఉద్యోగమంతా గడిపాడు. అమ్మ పోయాక సూరత్‌కు, మా దగ్గరికి వచ్చాడు. ఇంటిపట్టున ఉంటాడనుకుంటే, డిండోలి పేట చివర తబేలా, అంటే రేకుల పశువుల కొట్టం ఒకటి అద్దెకు తీసుకుని నాలుగు బర్రెలను కొన్నాడు, మకాం కూడా అక్కడికే మార్చాడు. ఇక్కడ మగ్గాల మీద పనిచేసే మన తెలుగువాళ్లందరికీ ఇప్పుడు పాలు ఆయనవే.

నేను ఎమ్మే చదివాను, అపార్ట్‌మెంట్ కమిటీలో ఉన్నాను. పేడ అంటిన లుంగీతో, చేతిలో పాల క్యానుతో ఆయన లిఫ్టు దిగుతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

"పోలీసోనివి, నీకీ పనేంది బాపూ?"

"దొంగల ఎంబడి ఉరికినదానికన్న నయం బిడ్డా. బర్రె అబద్ధమాడది."

"అబద్ధమాడది గని కంపు కొడ్తది."

ఆయన నవ్వేవాడు. నా నోటికి జంకని మనిషి ఆయనొక్కడే. అదే నాకు మంట.

సందులో పశువులు తిరుగుతున్నాయని మున్సిపాలిటీకి ఫిర్యాదు రాయాలని కమిటీ అనుకుంది. బాగా రాస్తానని పని నాకే అప్పగించారు. హిందీలో రాశాను. తబేలా ఎక్కడుందో గుర్తులతో సహా రాశాను. అది ఎవరూ అడగలేదు. 'పాలవాడు ఎక్కితే లిఫ్టంతా పేడ వాసన' అని కూడా చేర్చాను. బెదిరించి వదిలేస్తారు, వాదన నేను గెలుస్తాను, అంతే అనుకున్నాను.

బర్రెలు నీళ్లకు పోతుండగా మున్సిపాలిటీవాళ్లు నాలుగింటినీ బండెక్కించారు. బాపు పరుగెత్తుకొచ్చాడు.

"అండ్ల చూడి బర్రె ఉన్నదే. ఇయ్యాలో రేపో ఈనుతది. ఆళ్ల దొడ్డి గచ్చు మీద ఈనితే దూడ దక్కది. ఇడిచిపెట్టుమని జర అర్జీ రాసియ్యి బిడ్డా."

రాశాను. వెంట కూడా వెళ్లాను.

పశువుల దొడ్డిలో గుమస్తా నా అర్జీని ఫైల్లో పెట్టబోయి ఆగాడు. కింద ఫిర్యాదు ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి, "రెండూ ఒకే చేతిరాత లాగున్నాయి కాకా, ఎవరిదో తెలుసా?" అని హిందీలో అడిగాడు.

బాపు కళ్లద్దాలు పెట్టుకుని ఫిర్యాదు మొత్తం చదివాడు. ఎడమకు ఒరిగే నా అక్షరాలను చిన్నప్పుడు ఆయనే కదా తిట్టి తిట్టి విసిగింది! ఆటోవాడితో గంటసేపు గొడవపడే నేను గోడ మీది కాకిని చూస్తూ నిలబడ్డాను.

"తెల్వది సాబ్," అన్నాడు బాపు. "నేనూ పోలీసు నౌకరి చేసిన. ఫిర్యాదు ఇచ్చినోళ్ల పేరు ఎన్నడూ బయటపెట్టలే."

చూడి బర్రె ఆ సాయంత్రమే తబేలాకు చేరింది, మిగతా మూడూ జరిమానా కట్టాక వచ్చాయి. చూడిది మర్నాడు ఈనింది. దూడ బతికింది.

తర్వాతి రోజు బాపు గేటు దగ్గరున్నాడని వాచ్‌మన్ ఫోన్ చేశాడు. కిందికి దిగాను. స్టీలు డబ్బాలో జున్నుపాలు.

"పైకి రా బాపూ, చాయ్ తాగి పోదువు."

"వద్దు బిడ్డా. లిఫ్టుల వాసనైతది."

ఎగతాళి లేదు, కోపం లేదు. డబ్బా నా చేతిలో పెట్టి వెళ్లాడు. ఇప్పటికీ పాలు గేటు దగ్గరే ఇస్తాడు. దిగి తెచ్చుకుంటాను. రాసింది నేనేనని మాత్రం ఇంకా చెప్పలేదు.