కిటికీ మంచం వారసత్వం

పాఠక మహాశయులకు ముందుగా సాష్టాంగ క్షమాపణలు. ఇంగ్లండు ప్రభువుల బిరుదుల గురించి రాయడానికి నాకు ఏ అర్హతా లేదు. ఆ దేశం చూడలేదు. ఏ ప్రభువు పక్కనా కూర్చుని టీ తాగలేదు. నా ఎంబీఏలో ఆ పేపరే లేదు. అయినా థార్న్‌మియర్ బారన్ అనే బిరుదు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి ఎలా జారిందో నన్ను నిద్రలేపి అడిగినా చెప్పగలను. ఈ పాండిత్యం వల్ల మీకు కలగబోయే విసుగుకూ, ఆ దేశపు రాజవంశానికి కలగబోయే మనస్తాపానికీ పూర్తి బాధ్యత నాదే.

నాకు ఈ చదువు చెప్పినాయన పోయిన నెల చనిపోయాడు. దుబాయ్ దగ్గరి అజ్మాన్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా ఆయన కూతురు వాయిస్ మెసేజ్ పంపింది. "అన్నా, బాపు పొద్దుగాల పోయిండు. రూమోళ్లందరికి చెప్పు." అంతే. వెనక ఎక్కడో కోడి కూసింది. ఆ మెసేజ్ మూడుసార్లు విన్నాను. మూడోసారి ఆ కోడి కోసమే విన్నాను. బస్సు వచ్చింది, వెళ్లింది.

మేమంతా ఆయన్ని కాక అనేవాళ్లం. జగిత్యాల పక్క పల్లె. ముప్పై ఏళ్లు ఇక్కడ డ్రైవరుగా చేశాడు. మా గదిలో మూడు రెండంతస్తుల ఇనుప మంచాలు, ఆరుగురు మనుషులు, ఒక్క కిటికీ. కిటికీ పక్కన కింది మంచం కాకది. బెడ్‌స్పేస్‌లో, అంటే గది కాకుండా ఒక్క మంచం అద్దెకు తీసుకుని, బతికినవాళ్లకు చెప్పనక్కర్లేదు కానీ, బతకనివాళ్లకు చెప్పాలి: ఇక్కడ మనిషి స్థాయి తెలిసేది మంచంతోనే. తలుపు దగ్గరి పై మంచం అందరికంటే కొత్తవాడిది. దాని మీద ఏసీ నీళ్లు కారతాయి. ఎవరైనా ఖలాస్ అని పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లిపోతేనే ఒక మంచం ఖాళీ అవుతుంది. అప్పుడు మిగిలినవాళ్లలో ముందు వచ్చినవాడికి దాన్ని కోరుకునే హక్కు. ఏసీ నీళ్ల కింద నేనున్నాను. ఇప్పటికీ ఉన్నాను.

నేను దిగిన రోజు కాక మంచం పక్క గోడకు అతికించిన కాగితం ఒకటి చూశాను. గళ్లు, గీతలు, గీతల చివర పేర్లు. మెట్రో మ్యాప్ అనుకున్నాను.

"కాకా, ఇందులో మన స్టేషన్ ఏదండీ?" అని అడిగాను.

కాక అద్దాలు ముక్కు మీదికి జార్చి నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. "గోదారోడా, గది రైలు గాదురా. దొరల వంశం. యాడ దిగినా బొంద కాడనే దిగుతవు."

అది థార్న్‌మియర్ బారన్ల వంశవృక్షం. జిరాక్సుకి జిరాక్సు.

కాక చాలా ఏళ్లు ఒక ముసలి ఇంగ్లిష్ సర్వే ఇంజనీరుకు కారు నడిపాడు. పెళ్లీపెటాకులూ లేని మనిషి. షార్జా, దుబాయ్‌ల మధ్య పొద్దున గంటన్నర, సాయంత్రం రెండు గంటలు ట్రాఫిక్. వెనక సీట్లో కూర్చుని ఏం చేస్తాడు? తన వంశం కథ చెప్పేవాడు, వచ్చీరాని హిందీలో. కాక వచ్చీరాని ఇంగ్లిష్‌లో ప్రశ్నలు వేసేవాడు. అలా ఒక బిరుదు చరిత్ర మొత్తం ఫస్ట్ గేర్‌లో నడిచి కాక తలలోకి చేరింది. ఆ మహమ్మారి ఏడాది ఇంజనీరు తన దేశం వెళ్లిపోయి అక్కడే కన్నుమూశాడు. వెళ్లేముందు కాకకు ఇచ్చినవి రెండు: ఒక మంచి గొడుగు, ఈ కాగితం. అజ్మాన్‌లో గొడుగుతో ఏం పని అని మేమంతా నవ్వేవాళ్లం. కాక నవ్వేవాడు కాదు. వాన పడని రోజుల్లో దాన్ని తుడిచి పెట్టేవాడు. అంటే దాదాపు రోజూ.

శుక్రవారం మధ్యాహ్నం బిర్యానీ తిన్నాక మా గదిలో క్లాసు. కర్టెన్ సగం దించి ఉండేది. ఏసీ గురక పెడుతుండేది. కాక గోడకు ఆనుకుని, కాళ్లు చాపి, కళ్లు మూసుకుని చెప్పేవాడు. మేం వింటూ వింటూ నిద్రలోకి జారేవాళ్లం, కథ మాత్రం నిద్రలోకీ వచ్చేది. మొదటి బారన్ తన రాజుకు యుద్ధంలో సొంత గుర్రం ఇచ్చి తను నడిచి వెళ్లాడట. అందుకు రాజు సంతోషించి ఒక తోలు కాగితం మీద బిరుదు రాసి ముద్ర వేయించాడు. సగం నిద్రలో నాకు ఆ గుర్రం మా సందులోకి వచ్చి, నీళ్ల క్యాన్ల మధ్యలోంచి మెల్లగా నడిచి, కింద లాండ్రీ ముందు ఆగి, ఇస్త్రీ ఆవిరిని వాసన చూసేది. దాని వెనక ఇనప చొక్కా మనిషి ఒకడు చెమటలు కక్కుతూ నడిచేవాడు.

"ఆ కాయితంల ఒక్క ముక్క రాసిండు రాజు," అనేవాడు కాక కళ్లు తెరవకుండా. "ఇగో, ఈని ఒంట్ల వుట్టిన మొగపిల్లలకే అని. గా ఒక్క ముక్క ఎన్ని కొంపలు ముంచిందో ఎర్కనా?"

ఎరికే. నాలుగో బారన్‌కి ఐదుగురు ఆడపిల్లలు. కొడుకు లేడు. ఆయన పోగానే కోట, తోట, వెండి గిన్నెలు వీలునామా ప్రకారం కూతుళ్లకు వెళ్లాయి. బిరుదు మాత్రం వీలునామా మాట వినదు. దాన్ని రాసివ్వలేరు, అమ్ముకోలేరు. అది ఆ కూతుళ్లందరి తలల మీదుగా దూకి, ఎక్కడో పల్లెలో పిల్లలకు పలక పట్టించే, బారన్ తమ్ముడి మనవడి మీద వాలింది. పాపం ఆయన ఇంటికి కప్పు కారుతోంది. అప్పటి నుంచి థార్న్‌మియర్ బారన్లకు థార్న్‌మియర్‌లో అడుగు పెట్టే హక్కు లేదు. పేరుంది, ఊరు లేదు.

"ఐదుగురు బిడ్డలుండంగ ఒక్కలకూ రాకపాయె," అని కాక ప్రతిసారీ ఇక్కడ ఆగేవాడు. ఆయనకూ ఒక్కతే కూతురు. "మా ఊరి దొర ఏ కాయితం లేకుండనే దొరతనం చేసిండు. గడీ పోయింది, దొర పోయిండు. వీళ్లు జూడు, దొరతనం పోయినంక గూడ కాయితం జాగ్రత్త పెట్టుకున్నరు."

"ఏది నయం కాకా?" అన్నాడు మెకానిక్ అన్న.

"కాయితమే నయంరా. కాయితం కొట్టదు."

మెకానిక్ అన్న గురించి చెప్పాలి. నిజామాబాద్ మనిషి, ఏసీలు బాగు చేస్తాడు, మా గది ఏసీ తప్ప. గదిలో కాక తర్వాత ముందు వచ్చినవాడు ఆయనే. వచ్చిన కొత్తలో ఎవరి గోలా ఉండదని పై మంచం కోరుకున్నాడు. అప్పుడు మోకాలు బాగుండేది. ఇప్పుడు ఇనుప నిచ్చెన ఎక్కుతుంటే ఒక్కో మెట్టుకూ ఒక్కో దేవుణ్ణి తలుచుకుంటాడు. కింది మంచాలవాళ్లు కదలరు, ఆయన అడగడు.

ఒక శుక్రవారం నేను అసలు ప్రశ్న వేశాను. "అయితే మీ ఇంజనీరు కూడా బారనే కదండీ? ఎప్పుడూ చెప్పుకోలేదేం?"

కాక కళ్లు తెరిచాడు.

ఇంజనీరుకు తోడబుట్టిన అన్న, ఎవరూ కాగితాలు అడగని పాత రోజుల్లో బారన్ అయ్యాడట; కొడుకులు లేకుండా ఆయన చనిపోయాక బిరుదు ఇంజనీరుకే రావాలి. కానీ ఇప్పుడు ఆ దేశంలో ఊరికే రాదు. పుట్టిన కాగితాలు, పెళ్లి కాగితాలు అన్ని తరాలవీ చూపించి, నేనే వారసుణ్ణి అని రుజువు చేసి, పుస్తకంలో పేరు ఎక్కించుకోవాలి. ఇంజనీరు దగ్గర ఒకే ఒక్క కాగితం తక్కువ. ఆయన తాతకూ నాయనమ్మకూ ఎప్పుడు పెళ్లయిందో చెప్పే కాగితం. తాత ఏదో దూరదేశంలో తేయాకు తోటలో పనిచేశాడు. పెళ్లి బిడ్డ పుట్టకముందే అయ్యుంటే బిరుదు వస్తుంది. బిడ్డ పుట్టాక అయ్యుంటే, తర్వాత ఎంత ఘనంగా చేసుకున్నా, ఆ బిడ్డకూ వాడి పిల్లలకూ రాదు.

"వెతికిస్తే దొరికేదేమో కదా?" అన్నాను.

"నేను గూడ గదే అడిగిన. కారు సిగ్నల్ కాడ ఆగింది. సాబ్ అన్నడు: దేఖో, కాయితం దొరికితే నేను దొరనైతనేమో. లేకుంటే మా నానమ్మ మాట బజార్ల వడ్తది. ఆమె నాకు జ్వరమొస్తే పొద్దందాక తల మీద తడిగుడ్డ ఏసింది. నేను ఎతుక." కాక మళ్లీ కళ్లు మూసుకున్నాడు. "గ్రీన్ పడ్డది. హారన్ కొడుతున్నరు. నాకు గేర్ మార్చబుద్ధి కాలే."

బిరుదు చచ్చిపోయిందా అని మెకానిక్ అన్న అడిగితే, చచ్చిపోలేదట. హక్కుదారు ఉన్నాడో లేడో తేలనప్పుడు అది నిద్రపోతుందట. అడిగేవాడు వచ్చేదాకా అలా పడి ఉంటుందట.

ఆ తర్వాతి వారమే కాక క్యాలెండరు కాగితం వెనక మా గది శాసనం రాశాడు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. "ఈ కిటికీ మంచము, పరుపు, పర్ద, గోడకున్న రెండు మేకులతో సహా, నా తరువాత ఈ గదిలో అందరికంటె ముందు వచ్చినవానికి చెందును. అమ్ముటకు, బదులిచ్చుటకు, అలిగి లాగుకొనుటకు వీలులేదు." కింద మేమంతా సంతకాలు పెట్టాం. మెకానిక్ అన్న పెడుతూ, "కాకా, నువ్వు ఎప్పుడు ఖలాస్ అంటవు?" అన్నాడు. "నీ మోకాలు అరిగినంక," అన్నాడు కాక. "యల్లా, ఛాయ్ పెట్టు."

తర్వాత ఆయన గుండె మొరాయించింది. ఆస్పత్రి, మందులు. కంపెనీ లీవిచ్చింది. ఊరికి బయలుదేరుతూ గొడుగు చంకలో పెట్టుకున్నాడు, గోడ మీది కాగితం మాత్రం తీయలేదు. "రెండు నెలలల్ల వస్త. నా మంచం పైలం," అన్నాడు. రెండు నెలలు మూడయ్యాయి. ఆరు నెలలు దాటి బయట ఉంటే వీసా పోతుంది, అది ఆయనకూ తెలుసు. ఫోన్ చేసినప్పుడల్లా ఆరోగ్యం గురించి ఒక్క ముక్క, మంచం గురించి పది ముక్కలు.

"ఉన్నదారా?"

"ఉంది కాకా."

"ఎవ్వలన్న ఎక్కిన్రా?"

"అబ్బే, ఈగని కూడా వాలనివ్వట్లేదండీ."

ఆయన కూతురు నాతో విడిగా చెప్పింది: డాక్టరు ఇక ప్రయాణం వద్దన్నాడట. బాపుతో మాత్రం ఇంకా అనలేదట. "వాపస్ పోత అన్న ఆశ మీదనే బుక్కెడన్న తింటున్నడు అన్నా."

అప్పుడు గదిలో సభ జరిగింది. కాక రాడని తేలిపోయింది కాబట్టి మంచం మెకానిక్ అన్నకే చెందాలని ఒకరన్నారు. అన్యాయమేమీ లేదు, శాసనం అదే చెబుతోంది. నేను లేచి నిలబడి, నా జీవితంలోకెల్లా గొప్ప ఉపన్యాసం ఇచ్చాను. కాక ఖలాస్ అనలేదు. వీసా బతికే ఉంది. బిరుదు పోలేదు, నిద్రలో ఉంది. మనం దాన్ని ఇంకొకరికిస్తే, ఆయన ఫోన్ చేసినప్పుడు ఏం చెబుతాం? మన గొంతు విని కనిపెట్టడా? కాబట్టి ఆ మంచం ఎవరూ ముట్టుకోకూడదు. నేను, ఇంగ్లండు బిరుదుల పండితుణ్ణి, తీర్పు చెబుతున్నాను.

అందరూ మెకానిక్ అన్న వైపు చూశారు. ఆయన మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు. "పోనీ తియ్‌రా వకీల్ సాబ్," అన్నాడు. "ఇన్ని రోజులు ఎక్కిన. ఇంక కొన్ని రోజులు ఎక్కుత. కాక బుక్కెడు తింటే సాలు." లేచి నిచ్చెన పట్టుకున్నాడు. ఒక దేవుడు, ఇంకో దేవుడు, ఇంకో దేవుడు.

కాక ఐదో నెలలో చనిపోయాడు. అప్పటికి వీసా ఇంకా చెల్లుతూనే ఉంది. అంటే చివరిదాకా ఆయనే కిటికీ దొర. కూతురే కొరివి పెట్టిందని తర్వాత తెలిసింది. ఊళ్లో ఎవరో గొణిగారట, ఆమె వినిపించుకోలేదట.

వార్త వచ్చిన వారానికి మెకానిక్ అన్న కిందికి దిగాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన మంచం అంచున కూర్చుని పరుపు మీద అరచేయి ఆనించాడు. మొదటి రాత్రంతా పడుకోలేదు, కూర్చునే ఉన్నాడు.

మెకానిక్ అన్నా, ఇది నువ్వు చదువుతావు. కాబట్టి రాయాలి. మీరంతా పొద్దున ఆరింటికే సైట్లకు వెళ్లిపోతారు. నా డ్యూటీ మధ్యాహ్నం. కాక వెళ్లిన రెండో వారం నుంచి ఆ మంచం మీద రోజూ పడుకున్నది నేనే. ఆ ఉపన్యాసం ఇచ్చిన మర్నాడు కూడా. లేచాక దుప్పటి లాగి, దిండు తట్టి, ఖాళీ మంచం ఫోటో తీసి కాకకు పంపేవాణ్ణి. ఒకసారి ఫోటో చూసి ఆయన ఫోన్ చేశాడు. "మంచిగున్నదిరా. గని పది గొట్టంగ ఎండ సీదా దిండు మీద వడ్తది. పర్ద గుంజు. పండెటోని మొకం కాలుతది." సరే కాకా అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. మర్నాడు పర్దా పూర్తిగా లాగాను. ఆకుపచ్చ గుడ్డలోంచి వెలుతురు దిగి పరుపంతా చెరువు నీళ్లలా కదులుతోంది. ఎదుటి నిచ్చెన మీద నువ్వు ఉతికి ఆరేసిన మోకాలి బెల్టు ఏసీ గాలికి మెల్లగా ఊగుతోంది. దాన్ని చూస్తూ చూస్తూనే, పన్నెండింటి దాకా హాయిగా నిద్రపోయాను.