బోణీలన్నీ మా బావ ఖాతాలోనే

బందరులో పన్ను రిటర్నులు నింపి బతుకుతున్నాను. నేను ఆడిటరుని కాదు మహాప్రభో అని చెప్పి చెప్పి నోరు పడిపోయింది కానీ, జనం ఆడిటరు గారనే పిలుస్తారు. నా మాటల్లో ముప్పావు వంతు కోతలేనని మా ఆవిడ ఊరంతా చాటింది. కొయ్యక ఏం చెయ్యను? నిజం చెబితే ఎవరు వింటున్నారు? దివిసీమ నుంచి వచ్చే రొయ్యల చెరువు ఆసామి ఒకాయన ప్రతి ఏడూ, “చేను తవ్వే కదండీ చెరువు చేశాం, ఇదీ వ్యవసాయమే, పన్నుండదు” అని వాదించేవాడు. రొయ్యల ఆదాయం వ్యవసాయం కిందికి రాదని చట్టం చూపించినా తల ఊపి అదే మాట అనేవాడు. చివరికి, అలా ఎగ్గొట్టినవాడి చెరువులో రొయ్యలన్నీ గట్టెక్కి, కృష్ణ దాటి రేపల్లె వైపు ఈదుకుంటూ వెళ్ళిపోయాయని చెప్పాను. ఆ వారమే వచ్చి కట్టాడు.

మా పెద్దబావ దగ్గర మాత్రం నిజమూ పనిచెయ్యలేదు, కోతా పనిచెయ్యలేదు.

ఆయన మా అక్క భర్త. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల కొట్టు. ఒక మధ్యాహ్నం నా ఆఫీసుకొచ్చి, జేబులోంచి నలిగిన కవరు తీసి బల్ల మీద పెట్టాడు. జీఎస్టీ వాళ్ళ నోటీసు.

“ఎప్పుడొచ్చింది బావగారూ?”

“మూడు వారాలైందోయ్. అమావాస్య ముందు ఎందుకని ఆగా. తర్వాత మూఢం అన్నారు.”

“మూఢంలో పెళ్ళిళ్ళు ఆగుతాయి గానీ నోటీసులు ఆగుతాయా? జవాబు ఇవ్వడానికి ఇంకో వారమే ఉంది!”

సంగతేమిటంటే, సరుకు అమ్మేవాడి ఏడాది అమ్మకం నలభై లక్షలు దాటితే జీఎస్టీలో నమోదు కావాలి. మా బావ ఖాతాలో ఫోను చెల్లింపుల కింద పడ్డ సొమ్ము ఆ హద్దు ఎప్పుడో దాటేసింది. పన్ను, వడ్డీ, జరిమానా ఎందుకు వెయ్యకూడదో చెప్పమని అడిగారు. అన్నీ వేస్తే ఆ కొట్టు అమ్మినా చాలదు.

“ఇంత అమ్ముతూ మా అక్కకి గిల్టు గాజులే తొడిగారా?” అన్నాను.

“అందులో సగం పైగా నాది కాదోయ్. వీధి వాళ్ళ బోణీలు.”

మా బావ చెయ్యి మంచిదని ఆ వీధిలో పేరు. ఆయన చేతి మీద బోణీ జరిగితే పొద్దుగూకేదాకా బేరాలు తెగవట. పూర్వం తొలి బేరం నోటు తెచ్చి ఆయన చేతికి తాకించి పట్టుకెళ్ళేవారు. ఫోను చెల్లింపులు వచ్చాక తాకించడానికి నోటేదీ? అందుకని మా బావ కొట్లో ఉన్న స్కానింగు స్టిక్కరుకి నకళ్ళు తీయించి, వీధిలో ప్రతి కొట్టువాడూ దేవుడి పటం పక్కన అతికించుకున్నాడు. తొలి బేరం ఎవరిదైనా సొమ్ము మా బావ ఖాతాలోనే పడాలి. పైగా అవి టోకు బేరాలు. బోణీ అంటే ఒక గాజు కాదు, సంచెడు గొలుసులు. డబ్బు పడినట్టు గల్లా పక్కన మాట్లాడే పెట్టె అరవగానే మా బావ గల్లాలోంచి నోట్లు తీసి ఎవరివి వాళ్ళకి ఇచ్చేసేవాడు.

“ఆ ఇచ్చేదేదో ఫోనులోనే ఇవ్వొచ్చు కదా? ఆధారం ఉండేది.”

“బోణీ సొమ్ము ఖాతాలోంచి వెనక్కి పంపకూడదోయ్, అచ్చిరాదు. చేత్తో ఇస్తే దోషం లేదు.”

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గోడ అద్దెది కాబట్టి ఊరుకున్నాను.

ఏ తేదీన పడిన ఏ మొత్తం తమదో వీధి వాళ్ళు రాసి, తమ సరుకు చీటీలు జతచేసి సంతకం పెడితే గండం గడుస్తుంది. మర్నాడే వీధికి వెళ్ళాను. ఎదురు గాజుల కొట్టావిడ మజ్జిగ ఇచ్చి మరీ కాదంది.

“అన్నయ్యగారూ, నావని రాసిస్తే ఆ నోటీసు నా కొంపకి రాదూ?”

“మీ అమ్మకం హద్దు లోపలుంటే వచ్చినా భయం లేదమ్మా. దాటితే ఎలాగూ నమోదు కావాల్సిందే. పరాయివాడి ఖాతాలో దాక్కుంటే చట్టానికి కనపడరనుకున్నారా?”

“పరాయివాడేంటండీ, బావగారు!”

వీధంతా ఇదే పాట. బావని ప్రాణం అన్నారు, సంతకం అంటే మాత్రం కళ్ళజోడు కనపడలేదన్నారు.

ఆ సాయంత్రం మా బావ కొట్టు షట్టరు దించేశాడు. బెదిరించడానికి కాదు, నిజంగానే భయపడ్డాడు. “ఇంకో రూపాయి పడితే ఇంకో పన్ను” అని ఫోను కూడా ఆపేసి ఇంట్లో కూర్చున్నాడు. అమ్మకాలు ఆపితే పాత లెక్క తగ్గదు మొర్రో అన్నా వినలేదు. ఆయనకి తిండి సయించడం లేదని మా అక్క నన్ను తిట్టింది, నేనేదో నోటీసు రాసినట్టు.

బోణీ ఆగిపోయేసరికి వీధికి దిగులు పట్టుకుంది. మొదట గాజుల కొట్టావిడే మా అక్క గుమ్మంలోకి వచ్చింది, వెనక మిగతావాళ్ళు. నేను కాగితాలు పరిచాను. ఎవరూ కలం ముట్టుకోరు!

“మళ్ళీ ఏమైందమ్మా?”

“ముందు బావగారి చేత ఒక్కో దాని మీద సంతకం పెట్టించండి అన్నయ్యగారూ. ఆయన చెయ్యి పడ్డాక మేం పెడతాం.”

డబ్బు ఆయనది కాదని రాసిన కాగితాలకి కూడా ఆయన చేతే బోణీ! మా బావ కళ్ళొత్తుకుని వరసగా సంతకాలు చేశాడు.

గడువు ముగిసే రోజు మా బావే నన్ను మోపెడ్ మీద జీఎస్టీ ఆఫీసుకి తీసుకెళ్ళాడు. అధికారి కాగితాలూ స్టేట్‌మెంటూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

“అన్నిటి మీదా ముందు ఈయన సంతకం ఎందుకుందండీ?”

చెప్పాను. జీవితంలో మొదటిసారి ఒక్క అక్షరం కలపకుండా నిజం చెప్పాను. నేను కోతలు కోస్తున్నానన్నట్టు ఆయన నా వంక చూసి, ఇద్దరు కొట్టువాళ్ళకి ఫోను చేసి కనుక్కున్నారు.

“సరే. ఇవి తీసేస్తే మీ అమ్మకం హద్దు లోపలే ఉంది. రాతపూర్వకంగా పంపిస్తాం. ఇకనుంచి కొట్టుకి వేరే ఖాతా తెరవండి. పరాయి సొమ్ము అందులో పడనివ్వకండి. మిగతావాళ్ళ లెక్కలు వాళ్ళని చూసుకోమనండి.”

అంతసేపూ కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే ఉన్న మా బావ బల్ల దగ్గరికి జరిగాడు.

“అయితే కొట్టు తియ్యొచ్చాండీ?”

“ఎవరు మూయమన్నారండీ మిమ్మల్ని?”

నేను రసీదు తీసుకుని బయటికి వచ్చేసరికి మోపెడ్ లేదు, మా బావా లేడు. షట్టరు ఎత్తడానికి వెళ్ళిపోయాడు. ఎండలో నిలబడి ఆటో మాట్లాడుకున్నాను, నా డబ్బుతో.