పారబోసిన సగం

కిషన్‌లాల్ చేసిన తప్పేమిటో పట్నంలో చెబితే నవ్విపోతారు. "ఓస్, ఇంతేనా? దీనికే అన్నదమ్ములు విడిపోతారా?" అంటారు. తండాలో చెబితే ముసలివాళ్ళు ఇంక చాలన్నట్టు చెయ్యి అడ్డం పెడతారు. ఆ తప్పు చేయడానికి అతనికి రెప్పపాటు కూడా పట్టలేదు. అంత చులాగ్గా చేసే తర్ఫీదు మాత్రం పదిహేనేళ్ళు జీతం తీసుకుని మరీ పొందాడు.

ఏన్కూరు దాటి అడవి వైపు మలుపు తిరిగాక వస్తుంది వాళ్ళ తండా. తండ్రి చిన్నప్పుడే పోతే అన్న రూప్‌సింగే ఇల్లు మోశాడు. తాను బడి మానేసి మిరప తోటల్లో కూలికి పోయి, తమ్ముణ్ణి హాస్టల్లో వేసి చదివించాడు. తమ్ముడికి చదువు ఒంటబట్టలేదు. పదో తరగతి తప్పి, ఎవరో స్నేహితుడి వెంట హైదరాబాదు పోయి, ఒక పెద్ద హోటల్ బారులో గ్లాసులు కడిగే పనిలో చేరాడు. కడిగి కడిగి, చూసి చూసి, చివరికి కౌంటర్ వెనక నిలబడి మందు కలిపేవాడయ్యాడు. నల్ల కోటు, మెడకు బో టై, గుండె మీద ‘క్రిష్’ అని బిళ్ళ. కిషన్‌లాల్ అంటే అక్కడికొచ్చే దొరలకు నోరు తిరగదట. పొద్దస్తమానం ఇంగ్లీషు దంచే నోళ్ళకి తల్లి పెట్టిన పేరు బరువైపోయింది మరి.

బారులో అతను నేర్చింది మందు కలపడం ఒక్కటే కాదు. కోపం వచ్చినా నవ్వడం నేర్చాడు. కస్టమర్ తాగేటప్పుడు తాను తాగకూడదని నేర్చాడు. అన్నిటికన్నా గట్టిగా నేర్చింది ఒకటుంది. ఎవరైనా సగం తాగి గ్లాసు వెనక్కి చాపితే ఎందుకని నిలదీయకూడదు, ముఖం మాడ్చుకోకూడదు. తీసుకుని పారబోసి, శుభ్రమైన గ్లాసులో ఇంకోటి కలిపి ఇవ్వాలి. మొదట్లో ఒకసారి వాదించబోతే మేనేజర్ అందరి ముందూ నిలబెట్టి గడ్డి పెట్టాడు. ఆ తర్వాత ఆలోచించే అవసరమే లేకుండా పోయింది, చెయ్యే చూసుకునేది.

తల్లి రూప్లి డిసెంబరు ముప్పై ఒకటిన పోయింది. బారుకి ఏడాది మొత్తానికీ పండగలాంటి రోజు అది. "ఈ ఒక్క రాత్రి నిలబడు, రేపు పో" అన్నాడు మేనేజర్. కాదంటే ఉద్యోగం ఉండదు. తల్లి శవం తండాలో ఉండగా కిషన్‌లాల్ తెల్లవార్లూ మందు పోశాడు, వచ్చినవాళ్ళందరికీ నవ్వుతూ కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పాడు. మర్నాడు తండాకు చేరేసరికి అంతా అయిపోయింది.

"ఎవలి కోసం వచ్చినవ్?" అన్నాడు రూప్‌సింగ్. అంతే. ఆ తర్వాత తమ్ముడితో మాట లేదు. తిట్టినా బాగుండేది, తిట్టేవాడికి ఎప్పుడో ఒకప్పుడు అలుపొస్తుంది.

కరోనాలో బారు మూతపడ్డాక కిషన్‌లాల్ భార్య ఉషారాణిని తీసుకుని తండాకు వచ్చేశాడు. అన్న ఇంటి పక్కనే తన వాటాలో రెండు గదులు వేసుకుని, మిరప పెట్టాడు. మధ్యలో నడుమెత్తు గోడ. పొద్దున లేస్తే అన్న కనిపిస్తాడు. పళ్ళపుల్ల నములుతూ, తమ్ముడు బయటికి రాగానే అటు తిరిగి ఉమ్ముతాడు. అన్న కూతురు కవిత ఖమ్మం దవాఖానాలో నర్సు. ఆదివారాలు ఇంటికొచ్చే ఆ పిల్ల మాత్రం తండ్రి చూడనప్పుడు గోడ మీదుగా "కాకా, బాగున్నవా?" అని గుసగుసగా అడిగేది. చిన్నాన్నను వాళ్ళు పిలిచే పిలుపది. ఆ పిలుపు కోసం కిషన్‌లాల్ ఆదివారాలు చేనికి ఆలస్యంగా పోయేవాడు.

కవితకు పెళ్ళి కుదిరింది. కల్లూరు వైపు అబ్బాయి, బ్యాంకులో ఉద్యోగం. అప్పుడు కదిలాడు బాబూరావు. ఆయన రిటైరైన పంతులు, అన్నదమ్ములిద్దరికీ మేనమామ. "ఇంట్ల లగ్గం పెట్టుకొని తమ్మున్ని గోడవతల కూసోబెడ్తవారా?" అని రూప్‌సింగ్‌ను కదిలించి, కరిగించి, ఒక ఆదివారం తమ్ముడింటికి వెళ్ళడానికి సరే అనిపించాడు.

తండాలో పగ తీరడానికి ఒక పద్ధతుంది. చిన్నవాడు తన ఇంట్లో సారా పెడతాడు. పెద్దవాడు తమ దేవత మేరామా యాడికి నాలుగు చుక్కలు చల్లి, సగం తాగి, మాట్లాడకుండా గ్లాసు చాపుతాడు. మిగతా సగం చిన్నవాడు తాగాలి. అన్న ఎంగిలి తమ్ముడి గొంతు దిగిందంటే అక్కడితో అన్నీ మాఫీ. తాగకపోతే నీ పొత్తు నాకక్కరలేదని చెప్పినట్టు. ఆ చాపడం కూడా ఒక్కసారే, రెండోసారి చాపిన పెద్దవాణ్ణి తండాలో ఎవరూ చూడలేదు. ఇది కిషన్‌లాల్‌కు తెలుసు. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశాడో. అందుకే అడవి అంచు గూడెంలో ఉండే కోయ రైతు గోపాలును అడిగి సీసాడు ఇప్పసారా తెప్పించి, దేవుడి గూట్లో పెట్టాడు.

అంతటితో ఊరుకుంటే ఈ కథే లేదు. అన్నకు తన చేతి పనితనం చూపించాలనిపించింది అతనికి. తల్లి చావుకు రాకుండా అక్కడేం చేస్తున్నాడో అన్న ఎన్నడూ చూడలేదు, ఒక్కసారి రుచి చూస్తే ఆ పని కూడా పనేనని ఒప్పుకుంటాడని ఆశ. బారు మూసిన రోజు మేనేజర్ చేతిలో పెట్టిన టెకీలా సీసా మూత తీయకుండా పెట్టెలో ఉంది. దానితో కలపడానికి కాఫీ లిక్యూర్, అంటే తియ్యటి కాఫీ మందు కావాలి. ఆ సామాను ఏన్కూరులో ఎక్కడ దొరుకుతుంది? తనే చేశాడు. చక్కెరను సగం మాడనిచ్చి పాకం పట్టి, చిక్కటి డికాక్షన్ పోసి, చల్లారాక తెల్ల రమ్ము కలిపి, పచ్చడి జాడీలో మూతకట్టి మాగబెట్టాడు. ఉషారాణి రోజూ జాడీ మూతకు ముక్కు ఆనించి చూసి దండకం మొదలుపెట్టేది.

"కాఫీల మందా, మందుల కాఫీయా? ఏదో ఒకటి తాగి చావరాదూ మనుషులు."

"నీకేం తెలుసే. హైదరాబాద్‌ల దీనికి లైన్లు కడ్తరు."

"కడ్తరు, కడ్తరు. మీ అన్న వచ్చేది పొత్తు కలుపుకునేటందుకు. నీ ఇకమతు సూసేటందుకు గాదు."

బంగారంలాంటి మాట. వింటే గదా.

ఆ ఆదివారం మధ్యాహ్నం రూప్‌సింగ్ ఉతికిన పంచె, తెల్ల చొక్కా వేసుకుని గోడ చుట్టూ తిరిగి వాకిట్లోంచి వచ్చాడు. గోడ దాటితే రెండడుగులు, అయినా మర్యాదగా దారిన వచ్చాడు. వెంట బాబూరావు. ఇద్దరూ నులకమంచం మీద కూర్చున్నారు. వాళ్ళు మాట్లాడుకున్నది లంబాడీలో, మనకు తెలియడానికి తెలుగులో చెప్పుకుందాం.

"మిరప ఎట్లుంది?" అన్నాడు రూప్‌సింగ్, గోడ కేసి చూస్తూ.

ఇన్నేళ్ళ తర్వాత అన్న నోటి నుంచి వచ్చిన మొదటి మాట.  "ముడత వచ్చింది భియా" అన్నాడు కిషన్‌లాల్. భియా అంటే అన్న. ఆ పిలుపు పిలిచి కూడా అన్నేళ్ళయింది.

"మందు కొట్టినవా?"

"కొట్టిన."

 అంతలో బాబూరావు ఫోను మోగింది. ఇంట్లో సిగ్నల్ అందక ఆయన చెవికి ఫోను ఆనించుకుని వీధిలోకి పోయాడు. "జర ఆగు భియా, నీకొకటి చేసి పెడ్త" అని కిషన్‌లాల్ లేచాడు. ఫ్రిజ్‌లో గట్టిపడిన ఐసును తువ్వాల్లో చుట్టి రోకలితో కొట్టాడు. షేకర్ లేదు, మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో టెకీలా రెండు వంతులు, కాఫీ లిక్యూర్ ఒక వంతు, ఐసు వేసి రెండు చేతులతో చెవి దగ్గర పెట్టి ఊపాడు. ఒళ్ళంతా పాత ఊపు వచ్చేసింది. వీపు నిటారైంది. గ్లాసులోకి వంచితే నల్లటి మందు పైన సన్నటి నురగ నిలిచింది. పళ్ళెంలో పెట్టి, ఎడమ చెయ్యి వీపు వెనక కట్టుకుని, అన్న ముందు వంగి అందించాడు.

రూప్‌సింగ్ గ్లాసును వాసన చూశాడు. తమ్ముణ్ణి ఎగాదిగా చూశాడు. "గిదేనా నువ్వు ఆడ చేసేది?"

"అవ్ భియా."

రూప్‌సింగ్ వేలు ముంచి నాలుగు చుక్కలు నేల మీద చల్లాడు. తాగాడు. ముఖం ముడుచుకుపోయింది, అయినా ఆపకుండా సగం దాకా మింగాడు. తర్వాత చెయ్యి నిక్కచ్చిగా చాపి, గ్లాసు తమ్ముడి ముందుకు పట్టాడు. ఒక్క మాట లేదు.

కిషన్‌లాల్‌కు కనిపించింది ముడుచుకున్న ముఖం, సగం మిగిలిన గ్లాసు. పొత్తుకు తెచ్చిన సారా దేవుడి గూట్లోనే ఉంది కదా, చుక్కలు చల్లడం ఏ మందుకైనా ఉన్నదే కదా, ఇది మర్యాదకు ఇచ్చిందే కదా. మాడిన చక్కెర ఎక్కువైంది, చేదు తగిలింది అనుకున్నాడు. అనుకునే లోపే చెయ్యి తన పని తాను చేసింది. నవ్వుతూ గ్లాసు అందుకుంది. గిన్నెలు కడిగే జలాట్లోకి తీసుకుపోయి బోర్లించింది. నీళ్ళు పోసి తొలిచింది.

వంటింటి గుమ్మంలో ఉషారాణి "అయ్యో, అయ్యో" అంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కిషన్‌లాల్ వెనక్కి తిరిగి, "ఇంకోటి చేస్త భియా, తియ్యగ" అనేసరికి మంచం ఖాళీగా ఉంది.

వీధిలో బాబూరావు ఫోను పట్టుకుని, "ఏమైంది? ఏమైందిరా?" అని అరుస్తున్నాడు. కిషన్‌లాల్ గోడ దూకి అన్న ఇంటికి పరిగెత్తాడు. తలుపు మూసి ఉంది. వదిన ద్వాలి గడప బయట నిలబడి ఉంది.

"వదినా, నాకు తెల్వలే. బార్ల గట్లనే చేస్తం. నచ్చలేదనుకొని పారబోసిన. పొత్తుకు ఇప్పసారా తెచ్చిపెట్టిన, సూడు, గూట్లనే ఉంది."

ద్వాలి కళ్ళు తుడుచుకోలేదు. "ఇప్పసారాతోని ఎవలైనా కలుస్తరు, నా తమ్ముడు చేసినదాంతోనే కలుస్త అనుకున్నడు గదా ఆయన. మింగుడు పడకున్నా మింగిండు. ఆ సగం నీకోసం పెట్టిండు."

"ఒక్కసారి పిలువు వదినా. కాళ్ళ మీద పడ్త."

"అమ్మ సావుకు రానోడు, అన్న ఎంగిలి తాగుతడా అన్నడు. నేనేం జేత్తును?" ఆమె లోపలికి పోయి గడియ పెట్టుకుంది.

బాబూరావు ఎంత చెప్పినా రూప్‌సింగ్ మెత్తబడలేదు. బారులో అలాగే చేస్తారట, అలవాటట అని వివరిస్తే చెడ్డ కోపమొచ్చింది అన్నకు. "అంటే నేను కస్టమర్నా?" అన్నాడు. పంతులు చెప్పులేసుకుని లేచి వచ్చేశాడు.  బుద్ధిపూర్వకంగా చేసినా ఏదో ఒక రోజు క్షమించేవాడేమో. అన్నను చూసి కస్టమర్ అనుకోవడాన్ని ఎలా క్షమిస్తాడు?

పెళ్ళి దగ్గర పడింది. తండా అంతటికీ పిలుపులు వెళ్ళాయి, గోడ ఇవతలికి రాలేదు. ఒకరోజు బాబూరావు వచ్చి, కూర్చోకుండా, చెప్పుల వైపు చూస్తూ మాట్లాడాడు.

"పెండ్లికొడుకు దోస్తులు హైదరాబాద్ నుంచి వస్తుర్రంట. మందుకు కౌంటర్ లెక్క పెడ్తరంట. నిన్ను అడగమన్నడు రూప్‌సింగు."

కిషన్‌లాల్ ముఖం వెలిగింది. "భియా అడగమన్నడా?"

"అవ్. వేరే మనిషిని తెచ్చే బదులు నిన్నే పెట్టుకుందమన్నడు. కూలి ఎంతనో మాట్లాడుమన్నడు."

ఉషారాణి చేటలో బియ్యం అలాగే వదిలేసి లేచింది. "ఆయన పోడు. పోయి చెప్పుర్రి."

"పోత" అన్నాడు కిషన్‌లాల్. "పందిట్లనైతే ఉంట గదా. పిల్ల పెండ్లి సూస్త గదా." పెట్టె అడుగు నుంచి నల్ల కోటు తీసి, తనే ఇస్త్రీ చేసుకున్నాడు. భార్య రెండు రోజులు అతనికి అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

పందిరి ఓ మూల తెల్లగుడ్డ పరిచిన బల్ల వెనక నిలబడి, వచ్చినవాళ్ళకు వచ్చినట్టు కలిపి ఇచ్చాడు. తండావాళ్ళు గ్లాసు అందుకుని, ముఖం చూడలేక జల్దీ జల్దీ పక్కకు తప్పుకున్నారు. పెళ్ళిపీటల దగ్గర కవిత అతన్ని చూసి చెయ్యి సగం ఎత్తింది. తండ్రి అటే వస్తుంటే దించేసుకుంది.

రూప్‌సింగ్ కొత్త వియ్యంకుణ్ణి, ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల్ని వెంటేసుకుని కౌంటర్ దగ్గరికి వచ్చాడు. ఏళ్ళ తర్వాత తమ్ముడి కళ్ళలోకి సూటిగా చూశాడు. ఆ చూపులో కోపం కూడా లేదు. నోరు తెరిచి మాట్లాడాడు, ఇంటి మాటలో కాదు, తెలుగులో. సంతలో ముక్కూ ముఖం తెలియని దుకాణదారుతో మాట్లాడినట్టు, మర్యాదగా.

"బాబూ, మా చుట్టాలకు మంచిగ కలిపియ్యండి. మీకేమన్న కావాల్నంటే పిల్లగాండ్లను అడుగుండి."

అండి అనిపించుకోవడం కన్నా చెంపదెబ్బ నయం. భియా, నన్ను తిట్టు, పదిమందిలో తన్ను, ‘ఒరే’ అను చాలు అని అరవాలనిపించింది కిషన్‌లాల్‌కు. కడుపులోంచి ఆ పిలుపు గొంతు దాకా వచ్చింది కూడా. వియ్యంకుడు చూస్తున్నాడు. పెద్దమనుషులు చూస్తున్నారు. అన్న జవాబు కోసం నిలబడి ఉన్నాడు. కిషన్‌లాల్ వీపు దానంతటదే నిటారైంది, పెదాల మీదికి నవ్వు వచ్చింది.

"ష్యూర్ సార్" అన్నాడు.