దామోదరన్న వేసిన సీలు

తిరుత్తణి బస్టాండు వెనక వీధిలో, ప్రైవేటు బస్సుల పగిలిన ముందుభాగాలను అతికించే షెడ్డు ఒకటి ఉంది. మొన్న శనివారం సాయంత్రం కూరగాయల సంచితో అటుగా వస్తుంటే, అప్పుడే కలిపిన ఫైబర్ రెసిన్ వాసన తగిలింది. మొదట ముక్కులో గుచ్చి, ఆపైన గొంతులో తియ్యగా నిలిచిపోయే వాసన అది. తిరువళ్ళూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో తనిఖీ పని చేస్తూ ఆరేళ్ళుగా ఇనుము, నూనె వాసనల మధ్య గడుపుతున్నదాన్ని. అయినా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. నాకు పని నేర్పిన దామోదరన్న కళ్ళముందు మెదిలాడు.

ఆయన ఆర్.కె.పేటలో నేతగాళ్ళ ఇంట పుట్టాడు. పద్దెనిమిదేళ్ళకే మగ్గం వదిలి గుమ్మిడిపూండిలో ఫైబర్ ట్యాంకులు తయారుచేసే కంపెనీలో చేరి పని నేర్చుకున్నాడు. తర్వాత ఆరంబాక్కంలో సొంతంగా రేకుల షెడ్డు వేసుకుని, జాలర్ల ఫైబర్ పడవలకు పగుళ్ళు పూడ్చేవాడు. నేను పనిచేస్తున్న కంపెనీ మూతపడి, చేతిలో డిప్లొమా పట్టుకుని తిరుగుతున్న రోజుల్లో ఆయన షెడ్డుకు వెళ్ళాను. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్ళు. ఆడమనిషికి ఇక్కడేం పని అని నాలుగు చోట్ల అడిగించుకుని వచ్చినదాన్ని. ఆయన ఆ ప్రశ్న వేయలేదు. "ఏమ్మా, దురద తట్టుకుంటావా? ఫైబర్ గీకితే లేచే గాజుపొడి ఒళ్ళంతా గీరతాది" అన్నాడు. తట్టుకుంటానన్నాను. "అయితే రేపే వచ్చెయ్" అన్నాడు. ఉద్యోగం ఇవ్వడానికి ఆయన అడిగింది అంతే.

రెండేళ్ళ తర్వాత చెన్నై నుంచి ఒకాయన తన జెట్ స్కీని వ్యాను మీద తెచ్చి దింపాడు. కూర్చుని నడిపేది కాదు, నిలబడి నడిపే రకం. దానికి సీటు ఉండదు. వెనక తొట్టిలాంటి చోట రబ్బరు మ్యాటు మీద నిలబడి, ముందున్న పొడుగాటి హ్యాండిల్ పట్టుకుని సముద్రం మీద దూసుకుపోవాలి. ఇంజను దాని కడుపులో ఉంటుంది. ఆ కడుపులోకి ఎక్కడినుంచో నీళ్ళు చేరుతున్నాయని ఆ ఓనరు ఫిర్యాదు. చెన్నైలో ఇద్దరు మెకానిక్కులు చూసి చేతులెత్తేశారట. దామోదరన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, తట్టి చూసి, "కొంచెం పొరుంగ సార్, చూస్తాం" అని తమిళం కలిపి ఆగమన్నాడు. ఓనరు వెళ్ళిపోయాక నన్ను పిలిచి ఒక్కొక్క రంధ్రం చూపించాడు. ఇంజను నుంచి వెనక పంపుకు పోయే షాఫ్టు దూరే చోటు, పొగగొట్టం బయటికొచ్చే చోటు, కేబుళ్ళు దూరే చోటు, మూత అంచు, అడుగున ప్రతి బోల్టూ. "నీళ్ళకు దావ మనం చెప్పబళ్ళేదమ్మా, అదే ఎతుక్కుంటాది. దానికన్నా ముందే మనం ఎతకల్ల" అన్నాడు.

వెతకడానికి ఆయన దగ్గర యంత్రాలేవీ లేవు. ఇంట్లోంచి పాత వాక్యూమ్ క్లీనరు తెచ్చి, గాలి పీల్చే పైపును వదిలే వైపు తగిలించి, ఆ గాలిని జెట్ స్కీ కడుపులోకి మెల్లగా పంపాడు. బయట అంతా సబ్బునీళ్ళు పూయమన్నాడు. నేను బ్రష్షుతో పూస్తూ పోతుంటే షాఫ్టు దగ్గర చిన్న చిన్న బుడగలు లేచాయి. చిన్నపిల్లలా అరిచాను. ఆయన నవ్వి, "ఒకటి దొరికిందని సంబరపడొద్దు. ఒకటి దొరికినాకనే రెండోది దాక్కుంటాది" అన్నాడు. షాఫ్టు చుట్టూ నీళ్ళను ఆపే రబ్బరు సీలు అరిగిపోయింది. దాన్ని తీసి కొత్తది వేయడానికి ఒక పూటంతా కూర్చున్నాడు. అప్పుడే మొదటిసారి గమనించాను, ఆయన కుడిచెయ్యి సన్నగా అదురుతోంది. నేను చూస్తున్నానని తెలిసి ఆ చేతిని ఎడమచేత్తో పట్టుకుని పని పూర్తిచేశాడు.

వెనక తొట్టి పని నాకు అప్పగించాడు. కాళ్ళు దూర్చుకునే పట్టీల బోల్టులన్నీ ఊడదీసి, నీళ్ళు దూరకుండా చుట్టూ సీలెంట్ పెట్టి బిగించి, పైన మ్యాటు అతికించాలి. చివరి రెండు బోల్టుల దగ్గరికొచ్చేసరికి సీలెంట్ ట్యూబు అయిపోయింది. కొత్తది గుమ్మిడిపూండి నుంచి తేవాలి. ఓనరు దారిలో ఉన్నానని ఫోన్ చేశాడు. ఆ రెండింటినీ గట్టిగా బిగిస్తే చాల్లే అనుకున్నాను. బిగించి, మ్యాటు అతికించేశాను. మ్యాటు అతికాక సబ్బునీళ్ళు పూసినా దాని కింద బుడగ కనిపించదు. "అంతా చూసినావా?" అని అడిగాడు దామోదరన్న. "చూసినా అన్నా" అన్నాను. అప్పటికి వచ్చిన ఓనరు అనుమానంగా నా వైపు చూస్తే, ఆయన తమిళంలో గట్టిగా చెప్పాడు, ఈమె చూసిందంటే నేను చూసినట్టేనని.

ఆ ఆదివారం ఓనరు సముద్రంలో చాలా దూరం వెళ్ళాడు. గంట గడిచేసరికి బండి వెనకభాగం కుంగి, ఇంజను నీళ్ళు తాగి ఆగిపోయింది. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి మనిషి బతికాడు. రెండు గంటలపాటు సగం మునిగిన బండిని పట్టుకుని ఎండలో తేలుతూ ఉంటే, వలలు లాగి వస్తున్న జాలర్లు చూసి ఒడ్డుకు చేర్చారు. సోమవారం బండిని షెడ్డులో దింపి, ఓనరు తిట్టని తిట్టు లేదు. దామోదరన్న తల వంచుకుని నిలబడి, "నేనేసిన సీలు సార్. నాదే తప్పు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఈమె చూసిందంటే నేను చూసినట్టే అన్న మాట చెవిలో మోగుతూ ఉంటే, ఆ మాటనే అబద్ధం చేశానని ఆయన ముందు ఎలా ఒప్పుకోను?

మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు మ్యాటు అంచు లేపి చూశాను. ఆ రెండు బోల్టుల చుట్టూ తడి. గబగబా సీలెంట్ పెట్టి బిగించి, మ్యాటు మళ్ళీ అతికించాను. ఆయన తిరిగొచ్చి, షాఫ్టు దగ్గర సీలు విప్పి చాలాసేపు వెలుతురుకు పట్టి చూశాడు. తప్పేమీ కనిపించలేదు. అయినా దాన్ని పారేసి మరొకటి వేశాడు. ఈసారి సముద్రంలో దింపి చూస్తే చుక్క నీరు కూడా లోపలికి రాలేదు. నేను జీవితంలో చేసిన అతి పెద్ద తప్పు ఆ బోల్టులు వదిలేయడం కాదు, వాటిని అలా దొంగచాటుగా సరిచేయడం. ఎందుకంటే ఆ సాయంత్రం ఆయన నాతో ఇలా అన్నాడు: "కొత్త సీలు ఏసినాక నీళ్ళు రాల్యా గదమ్మా. అంటే మొన్న నా చెయ్యే తప్పిపోయినట్టు."

ఆ తర్వాత ఆయన ఏ పనీ నమ్మకంగా చేయలేకపోయాడు. పూడ్చిన పగులునే మళ్ళీ గీకి పూడ్చేవాడు. జాలర్లకు పడవ అప్పగించేటప్పుడు, ఇంకొకరికి చూపించుకోమని చెప్పేవాడు. ఏడు నెలలకు షెడ్డు మూసేసి ఆర్.కె.పేటకు వెళ్ళి, తమ్ముడి చీరల అంగడిలో కూర్చున్నాడు. నాకు తిరువళ్ళూరులో ఈ ఉద్యోగం చూపించింది కూడా ఆయనే. "మంచి పనిమంతురాలు" అని తెలిసినవాళ్ళకు చెప్పి పంపాడు.

నిరుడు ఒకరోజు ధైర్యం కూడగట్టుకుని వెళ్ళాను. అంగడిలో చీరలు మడతపెడుతున్నాడు. చెయ్యి బాగా అదురుతోంది. నన్ను చూసి సంతోషపడి, ఇంటికి తీసుకుపోయి కూర్చోబెట్టాడు. ఇంకాసేపు ఆగితే నోరు రాదని, వెంటనే చెప్పేశాను.

"అన్నా, ఆ పొద్దు నీళ్ళొచ్చింది నువ్వేసిన సీలు కాడ కాదు. మ్యాటు కింద రెండు బోల్టులు నేను వదిలేసినా. మళ్ళ నీకు తెలీకుండా సరిచేసినా."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. గొంతు మాత్రం చాలా మెత్తగా వచ్చింది.

"చెయ్యి అదురుతాండాదని అప్పుటికే నాకు బయంగా ఉండె. ఆ పొద్దుతో ఇంక నా పని అయిపోయిందనుకొంటి. చూడలేదన్నా అని ఒక్క మాట అనుంటే, ఒక దినం తిట్టుందును, మర్నాడు పనిలోకి రమ్మనుందును. షెడ్డు మూసుందునా, సుమతీ?"

ఆయన భార్య కాఫీ తెచ్చింది. "తాగిపో అమ్మా, బస్సుకు టైమైంది" అని ఆయన లేచి అంగడికి వెళ్ళిపోయాడు. పర్వాలేదు అని ఆయన అనలేదు. అనాలని ఆశించే హక్కు నాకూ లేదు. మళ్ళీ వెళ్ళాలని చాలాసార్లు అనుకున్నాను, ఆర్.కె.పేట బస్సు ఎక్కలేకపోయాను.

ఇప్పుడు ఫ్యాక్టరీలో పని అప్పగించేటప్పుడు, చూసినవాటికన్నా ముందు నేను చూడనివి ఏవో చెబుతాను. ఫలానా వెల్డింగు చూడలేదు, ఫలానా కొలత తియ్యలేదు అని. కొత్తగా చేరిన ఇంజనీరు ఒకరోజు నవ్వి, "ఏం మేడం, మీ లోపాలు మీరే చాటుకుంటున్నారే" అన్నాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. చూడలేదు అనే ఆ మాట చెప్పడం నాకిప్పుడు ఏమాత్రం కష్టం కాదు, ఎవరికైనా, ఎంతమంది ముందైనా చెప్పగలను. దాన్ని వినవలసిన మనిషికి మాత్రం ఐదేళ్ళు ఆలస్యంగా చెప్పాను.